నిఘా గారి తీర్పు

జనవరి 28

ఈయన ఆగిరిపల్లి తోట పూత మీదే కొనేశారు. కాయ లేదు, పిందె లేదు, చెట్ల నిండా పూత ఉంది, అంతే. "పిందె కట్టేదాకా ఆగితే ఏం పోయింది?" అన్నాను. "అప్పటిదాకా ఆగితే మైలవరం వాళ్ళు ఎగరేసుకుపోతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, పూత చూస్తే కాపు చెప్పలేనా?" అన్నారు. నూజివీడు మామిడి వ్యాపారులందరికీ ఉన్న జబ్బే ఇది. పూత కనిపిస్తే చాలు, వీళ్ళ మనసు కోత కోసేసి లారీ ఎక్కించేస్తుంది. నాకు ఒళ్ళు మండింది. మాట్లాడి లాభం లేదని లోపలికొచ్చేశాను.

కొట్టుకి పత్రిక ఎడిటర్ తరుణ్ పంపిన పార్సిల్ వస్తే ఈయనే తెచ్చి మంచం మీద పడేశారు. "ఇవిగో, నీ శవాలొచ్చాయి" అన్నారు.

ఈ నెల మూడు. మొదటిది 'పదకొండో అంతస్తు మనిషి'. హైదరాబాదు ఐటీ కంపెనీలో హత్య. అందరూ ఇంగ్లీషులో భయపడి తెలుగులో చస్తారు. హంతకుడికి కవల తమ్ముడున్నాడని రచయిత చివర్లో చెబుతాడు, వాడు ఎడమ చేత్తో టీ తాగిన రోజే నేను పట్టేశాను. రెండోది 'డ్రోన్ సాక్షి'. పోలీసులు చేయాల్సిన పనంతా డ్రోనే చేస్తుంది, ఎస్సై దానికి ఛార్జింగ్ పెడతాడు. మొదటిదానికి బెయిలు, రెండోదానికి యావజ్జీవం. 'చీకటి కిటికీ' వెబ్ పత్రికలో నిఘా గారి తీర్పులంటే జనం నెలంతా ఎదురు చూస్తారు. నిఘా అంటే రిటైరైన డీఎస్పీ అని అందరి నమ్మకం. నూజివీడులో ఒక మామిడి వ్యాపారి భార్య అని తరుణ్‌కీ ఈయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ప్రమీలకి కూడా చెప్పలేదు.

మూడో పుస్తకం అట్ట మీద మామిడికాయ, దాని మీద నల్లటి మరక. పేరు 'సొనమచ్చ'. రచన: ప్రమీలారాణి.

వెనక్కి తిప్పితే ఫొటో ఉంది. ప్రమీలే. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ప్రమీల. పక్క వీధి ప్రమీల. ఏటా మా ఇంటి ఆవకాయకి కాయలు కొట్టే ప్రమీల. నాతో ఒక్క మాట అనలేదు.

జనవరి 29

ఎంత పని చేశావే.

జనవరి 31

"రాజ్యలక్ష్మి చచ్చిపోయిన రోజు పాకలో గడ్డి కొత్తది." అదీ మొదటి వాక్యం. అది నాది. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు అచ్చేసుకుంది.

ఆవకాయ రోజున పెరట్లో ఇద్దరమే ఉంటాం. కత్తిపీట మీద ఆమె, ఎదురుగా చాప మీద నేను. ఆమె కాయ కొడితే నేను జీడి తీసి, పొర గీకి, ముక్క తుడిచి పళ్ళెంలో వేస్తాను. చేతులకి పని ఉంటుంది, నోటికి ఉండదు. ఒక ఏడు నేను ఊరికే అన్నాను, "మన పాకలో ఎవర్నన్నా చంపి గడ్డి కప్పేస్తే కాయలు మాగేదాకా ఎవరికీ తెలీదు కదూ?" అని. అక్కడ మొదలైంది. ఏడాదికి ఒక్క రోజు, ఆ ఆవకాయ రోజున, కథ ఇంకాస్త ముందుకి నడుస్తుంది. వరండాలో మంచం మీద కూచుని మా అత్తగారు "ఈ ఏడు ఎవర్ని చంపుతున్నారే?" అని అడుగుతారు. ఆవిడ ఆవకాయ జాడీ చాయలకి పరాయి మనిషిని రానిచ్చే రకం కాదు. ప్రమీల చేతి కత్తికి మాత్రం ఒప్పుకున్నారు. కథ కోసమేనని నా అనుమానం.

కథ ఇది. మామిడి వ్యాపారి భార్య రాజ్యలక్ష్మి పాకలో గడ్డి కింద శవమై దొరుకుతుంది. కాయ తొడిమ విరిస్తే చిమ్ముతుందే సొన, అది పడి చంపిన మనిషి పెదవి మూల కాలి నల్లగా మచ్చ కట్టి ఉంటుంది. వారాల తరబడి పోని మచ్చ. ఎస్సై ఊరంతా మొహాలు చూసుకుంటూ తిరుగుతాడు. రాజ్యలక్ష్మి ప్రాణస్నేహితురాలు లలిత మాత్రం పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంటుంది. ఏడ్చేదాని చెంగు తీసి ఎవరు చూస్తారు? ఆ చెంగు కిందే ఉంది మచ్చ. లలితే చంపింది. అది నేను చెప్పిన రోజు ప్రమీల కత్తి ఆపేసి నా మొహంలోకి చూసింది. "అమ్మో, వాసవీ" అంది.

కథ నాది. సొన చర్మాన్ని ఎందుకు కాలుస్తుందో ప్రమీల చెప్పింది, నిజమే. జీవశాస్త్రం టీచరు చెప్పక ఏం చేస్తుంది? గడ్డి వేడిలో శవం సంగతి కూడా తనే చెప్పింది. ఎస్సై ఆమె కల్పనే. లలిత అనే పేరు ఆమె పెట్టిందే. మచ్చ ఎంతకాలం ఉంటుందో వాళ్ళాయన చేతి మీద చూసి లెక్క చెప్పింది. అవన్నీ సాయాలు. కథ నాది.

ఫిబ్రవరి 2

వచ్చింది. ఏమీ ఎరగనట్టు.

"బాగా చిక్కావేంటే?" అంది.

"చలి కదా" అన్నాను. చలికి మనిషి చిక్కిపోతుందని నాకూ ఇప్పుడే తెలిసింది.

కాఫీ ఇచ్చాను. అత్తగారి పక్కన కూచుని ఆవిడ మోకాళ్ళ సంగతి అడిగింది, కళ్ళజోడు తుడిచి పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఈమధ్య కొత్త పుస్తకాలేమన్నా చదివావా?" అంది.

"తీరికేదీ? ఈయన తోట కొన్నారుగా."

గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూచుంది. "వాసవీ, నీకో మాట చెప్పాలే" అంది.

నేను లేచాను. "ఉండు, పొయ్యి మీద పాలున్నాయి" అన్నాను. పొయ్యి మీద ఏమీ లేవు. వంటింట్లో గట్టుకి ఆనుకుని, ఆమె వెళ్ళేదాకా నిలబడ్డాను. అచ్చేయించుకున్నాక చెప్పే మాట నేను వినేదేంటి? ఆ మొహంలో తప్పు చేసిన భయం ఎంత ఉందో! చూసి కడుపు నిండింది.

ఇంకో సంగతి గుర్తొస్తోంది. పోయిన ఏడు ఆవకాయప్పుడు 'చీకటి కిటికీ' గురించి మాటొచ్చి, "ఆ నిఘా ఎవడో గానీ వట్టి పొగరుబోతు. కానీ పుస్తకం చదవకుండా మాత్రం ఒక్క ముక్క రాయడే" అంది. అప్పుడు పొంగిపోయాను. ఇప్పుడు ఆ పొగరు రుచి తనే చూస్తుంది.

ఫిబ్రవరి 4

బాగా రాసింది. అదీ నా మంట. చెత్తగా రాసి ఉంటే జాలిపడి వదిలేసేదాన్నేమో. పాకలో వాసన, గడ్డి గరగర, అన్నీ ఉన్నాయి. వేలం పాట దగ్గర పెద్దమనిషి ఇన్నయ్య అని ఒకణ్ణి కొత్తగా పెట్టింది. ఎవరికి ఏ గొడవొచ్చినా తీర్పు చెబుతుంటాడు. అనవసరం, వాడు లేకపోయినా కథకేం లోటు లేదు. రాజ్యలక్ష్మి మాట్లాడే తీరు మాత్రం రెండుసార్లు వెనక్కి తిప్పి చదివాను. ఆ విరుపులు, ఆ సాగదీతలు. అచ్చం నేనే. నన్ను చంపి గడ్డి కప్పింది.

లలిత ఏడుపు దాకా వచ్చాను. పమిట చెంగు నోటికి అడ్డం. ఇక చాలు. మిగిలిన రెండు అధ్యాయాల్లో ఏముందో నాకు తెలీదా? నా కడుపున పుట్టినదాని మొహం ఇంకొకళ్ళ పుస్తకంలో చూసి పోల్చుకోవాలా? మూసేసి బీరువాలో చీరల కింద పడేశాను.

ఫిబ్రవరి 5

నా కథ ఎత్తుకుపోయిందని ఎవరికి చెప్పను? రుజువేది? మాటలన్నీ ముక్కలతో పాటు జాడీలోకి పోయాయి, ఊరి ఆవకాయలో కలిసిపోయాయి. చెబితే నవ్వుతారు. మామిడికాయల కొట్టావిడకి నవల అట, అంటారు.

థ్రిల్లర్ని చంపాలంటే ఒక్కచోటే పొడవాలి. హంతకుడి పేరు చెప్పేయాలి. అంతే, తర్వాత ఎంత బాగా రాసినా ఎవడూ కొనడు. నిఘాగా ఇన్నాళ్ళలో ఆ పని ఒక్కసారి చేయలేదు. ఎంత చెత్త పుస్తకానికైనా ఆ మర్యాద ఇచ్చాను. పాఠకుడి నోటి దగ్గర ముద్ద లాక్కోకూడదని తరుణ్‌కి మొదట్లో నేనే షరతు పెట్టాను.

ఆ షరతు పుస్తకాలు రాసేవాళ్ళకి. దొంగలకి కాదు.

ఫిబ్రవరి 6

రాసేశాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మొదటి పేరా ఇక్కడ కూడా దింపుకుంటున్నాను, ముసలితనంలో చదువుకుని ఆనందించడానికి:

"రాజ్యలక్ష్మిని చంపింది ఆమె ప్రాణస్నేహితురాలు లలిత. పమిట చెంగు చాటున నోటి మూల సొనమచ్చ దాచుకుని ఏడ్చిన లలిత. ఇది ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఈ నవలలో దాచుకోదగ్గది ఇంకేమీ లేదు కనుక. అదీ ఈ రచయిత్రి సొంతమేనా అన్నది వేరే కేసు. స్నేహం ముసుగులో దగ్గర చేరి, పక్కవాళ్ళ ఇంట్లోది తెచ్చుకుని తనదిగా వడ్డించే మనుషుల గురించి రాయాలంటే, ఆ విద్యలో అనుభవం ఉండాలి. ఈమెకి ఉంది. తీర్పు: ఉరి."

ఉరి ఇంతవరకూ ఎవరికీ వేయలేదు.

ఫిబ్రవరి 8

తరుణ్ ఫోన్ చేశాడు.

"మేడం, హంతకురాలి పేరు మొదటి లైన్లోనే ఉందండీ. పొరపాటున పడిందా?"

"పొరపాటేం కాదు."

"మీరే కదండీ నాకు ఆ రూల్ పెట్టింది?"

"పెట్టిందాన్ని నేనే, తీసేదాన్నీ నేనే."

"నేనింకా ఆ పుస్తకం చదవలేదండీ. ఆవిడది మొదటి నవలట. ఊరు కూడా మీ నూజివీడే. కొంచెం…"

"వేస్తావా? ఇంకో నిఘాని వెతుక్కుంటావా?"

"వేస్తానండీ" అన్నాడు. పిల్లవాడు మంచివాడు.

ఫిబ్రవరి 9

పాపం అనిపించడం లేదు. అనిపిస్తుందేమోనని పొద్దుట్నించీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 15

వచ్చింది. నా తీర్పు ఫోన్లో నాలుగుసార్లు చదువుకున్నాను. మధ్యాహ్నం కందిపొడి, నెయ్యి వేసుకుని కడుపునిండా తిన్నాను. ఎన్నాళ్ళకో అన్నం రుచి తెలిసింది. "ఏంటీ ఇంత హుషారు?" అని ఈయన అడిగితే, "ఒకళ్ళకి ఉరి వేశాను" అన్నాను. "ఎవరికోయ్?" అన్నారు. చెప్పలేదు.

కింద జనం తిట్లు మొదలుపెట్టారు. నిఘాకి మతిపోయిందని ఒకడు, హంతకురాలి పేరు చెప్పేసిన రివ్యూ ఎందుకని ఇంకొకడు. తిట్టండి నాయనా. పేరైతే చదివేశారుగా.

ఫిబ్రవరి 16

ప్రమీల ఈ పాటికి చూసే ఉంటుంది. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు చూపించే ఉంటారు. ఏ మొహంతో క్లాసుకి పోతుందో.

ఫిబ్రవరి 17

చాట్రాయి నుంచి ఎవరో రాశారు: "నిఘా గారూ, పుస్తకం మొత్తం చదివారా? చంపింది లలిత కాదు."

ప్రమీల స్టూడెంట్లలో ఎవడో అయి ఉంటాడు. టీచరమ్మని కాపాడుకోవడానికి అబద్ధమాడుతున్నాడు.

సాయంత్రానికి అదే మాట ఇంకా చాలామంది రాశారు. తరుణ్ ఫోన్ చేస్తే తీయలేదు. చీరల కింద నుంచి పుస్తకం తీసి చివరి రెండు అధ్యాయాలు చదివాను.

లలిత కాదు.

ఫిబ్రవరి 18

చంపింది ఇన్నయ్య. నేను అనవసరమన్న ఇన్నయ్య. ఊరందరికీ తీర్పులు చెప్పే ఇన్నయ్య. వాడు గడ్డం పెంచాడు, మచ్చ గడ్డంలో ఉంది. మూడో అధ్యాయంలోనే "ఎప్పుడూ నున్నగా గీసుకునే మనిషి" అని రాసింది. నిఘాకి కనిపించలేదు.

చివర్లో ఎస్సై లలిత చెంగు కిందికి దించుతాడు. అక్కడ మచ్చ లేదు. ఏడుపే ఉంది.

ఫిబ్రవరి 20

తరుణ్ ఈసారి మేడం అని కూడా అనలేదు. "ఇన్నేళ్ళ నమ్మకమండీ. నేను చదవకుండా వేశాను, మీరు చదివారని" అన్నాడు. వచ్చే నెల నుంచి నిఘా శీర్షిక లేదు. 'పదకొండో అంతస్తు' రాసినవాడు పండగ చేసుకుంటున్నాడట, పాత రివ్యూలన్నీ చదవకుండా రాసినవేనని పోస్టు పెట్టాడు. నీ కవల తమ్ముణ్ణి టీ కప్పు దగ్గరే పట్టుకున్నాన్రా వెధవా. ఎవరు నమ్ముతారు ఇప్పుడు?

ఈ వారమంతా మంచు. పైగా పురుగు. ఆగిరిపల్లి నుంచి ఈయన మొహం వేలాడేసుకుని వచ్చారు. పూతంతా నల్లగా మాడి రాలిపోతోందట. నా ఏడుపులో నేనుండి, "చెప్పానా? పూత చూసి ఎవరన్నా కొంటారా?" అని అరిచాను.

ఈయన చెప్పులు విప్పుతూ ఆగారు. తరుణ్ కొట్టుకి ఫోన్ చేశాడట, అంతా తెలుసు.

"నేను పూతన్నా చూశాను" అన్నారు. "నువ్వేం చూసి రాశావు?"

మెల్లగానే అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఫిబ్రవరి 21

ఇంకోటి ఇప్పుడు తట్టింది. లలితే చంపిందన్న సంగతి ఈ భూమ్మీద తెలిసింది ముగ్గురికే. నాకు, ప్రమీలకి, మా అత్తగారికి. మా అత్తగారు ఫోన్లో పత్రికలు రాయరు.

మార్చి 4

ప్రమీల నుంచి ఫోన్ లేదు. నేను చేయను. నేనెందుకు చేయాలి?

మార్చి 9

కూరగాయల బజార్లో కనిపించింది. దొండకాయలు ఏరుతోంది. నన్ను చూసి సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. అంతే. మళ్ళీ దొండకాయలే.

అరిచినా బాగుండేది. నలుగుర్లో జుట్టు పట్టుకున్నా బాగుండేది, నేనూ పట్టుకునేదాన్ని.

మార్చి 16

లైబ్రరీలో 'సొనమచ్చ' పరిచయ సభ. వెళ్ళకపోతే అనుమానమొస్తుందని వెళ్ళాను. ఎవరికి అనుమానమో. ఈయన రానన్నారు. కుర్చీలు నిండిపోయాయి. రివ్యూలో పేరు చెప్పేసినా అది కాదని తేలేసరికి, మరి ఎవరు చంపారో చూద్దామని కొన్నారట జనం. పబ్లిషరు మైకులో ఆ మాటే చెప్పి పళ్ళికిలించాడు. ఉరి వేసి సేల్స్ పెంచినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అధ్యక్షులు వెంకటకృష్ణారావు గారు మామిడి చరిత్ర మొత్తం చెప్పి నవల గురించి చెప్పడం మరిచిపోయి కూచున్నారు. అప్పుడు ప్రమీల లేచింది. ఆకుపచ్చ చీర, మేమిద్దరం విజయవాడలో కొన్నది. నాదీ అదే రంగు, బీరువాలో ఉంది.

"నిఘా గారికి నేను రుణపడి ఉన్నాను" అంది. జనం నవ్వారు. "నవ్వకండీ. ఆయన నా పుస్తకంలో లేని ముగింపు చెప్పారు. నిజం చెప్పాలంటే నా ముగింపు కన్నా అదే బాగుంది. నాకూ తెలుసు ఆ ముగింపు. కానీ అది నాది కాదు. నాది కానిది కాబట్టి ముట్టుకోలేదు."

చప్పట్లు కొట్టారు. ఎవరికేం అర్థమైందో, కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే పక్కావిడ చూస్తుంది.

బయట స్కూటీ దగ్గర పట్టుకున్నాను. నేను పట్టుకున్నానో, ఆమె నా కోసం ఆగిందో.

"చెప్పకుండా రాశావు" అన్నాను. ఇన్నాళ్ళూ పళ్ళ మధ్య నూరుకున్నదంతా ఆ రెండు మాటలే అయింది.

"చెప్పడానికొచ్చాను. పొయ్యి మీద పాలున్నాయన్నావు."

"అచ్చయ్యాక వచ్చావు."

"అవును, అచ్చయ్యాకే వచ్చాను. తప్పే. ముందు చెబితే రాయనిచ్చేదానివా? ఎన్నేళ్ళు రాస్తా రాస్తా అన్నావే? నీకు చంపడం సరదా వాసవీ. రాయడం కాదు."

"నా కథే అది!"

"మనదే. గడ్డి నీది, మచ్చ నాది. రాజ్యలక్ష్మి నీది, ఎస్సై నాది. ఏ ముక్క ఎవరిదో నాకు తెలీదనుకున్నావా? లలిత చంపడం ఒక్కటీ అచ్చంగా నీది. అందుకే దాన్ని వదిలేసి, ఇన్నయ్యని పెట్టుకుని నానా తిప్పలు పడ్డాను. ఎప్పటికైనా నువ్వు రాస్తావు, దానికి ముగింపు కావాలని దాచిపెట్టాను. నువ్వేమో తీసుకెళ్ళి రివ్యూలో పారబోసుకున్నావు."

హెల్మెట్ పెట్టుకుంది. పెట్టుకున్నాక అంది, "ఇంకోటి కూడా. స్నేహితురాలే చంపిందని రాయబోతే నాకు చెయ్యి రాలేదు."

స్కూటీ వెళ్ళిపోయింది. అది వెళ్ళాక నాకు బోలెడు సమాధానాలు తట్టాయి.

మార్చి 17

అయినా చెప్పకుండా రాయడం తప్పే. ఆమే ఒప్పుకుంది తప్పని.

తప్పే.

ఏప్రిల్ 6

కాగితాలు ముందేసుకుని కూచున్నాను. నా ముగింపుతో నా నవల నేనే రాస్తాను, దాని తలదన్నేట్టు రాస్తాను అనుకున్నాను. గడ్డి వేశాను, రాజ్యలక్ష్మిని పడుకోబెట్టాను. లలిత చెంగు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఆ చెంగు కింద ఏముందో 'చీకటి కిటికీ' చదివే ప్రతివాడికీ తెలుసు. చెప్పింది నేనే.

ప్రమీల పుస్తకాన్ని పొడిచాననుకున్నాను. పోయింది నాది.

ఏప్రిల్ 22

ఎండలు. ఫోన్ లేదు. చేయను.

మే 10

మా అత్తగారు నాకు తెలీకుండా ఈయన చేత ప్రమీలకి ఫోన్ చేయించారు. "కాయలొచ్చాయి, కత్తి పట్టేవాళ్ళు లేరు, నేను బతికుండగా నా జాడీ ఖాళీగా ఉండకూడదు" అన్నారట. కాయలు కూడా మా తోటవి కావు. ఆగిరిపల్లిలో కొమ్మకి ఒకటీ అరా మిగిలాయి. ఈయన వేరేచోట కొని తెచ్చారు, నా వంక చూడకుండా దించారు.

పొద్దున్నే వచ్చింది. అత్తగారి కాళ్ళ దగ్గర కాసేపు కూచుని, కొంగు బిగించి కత్తిపీట ఎక్కింది. నేను చాప పరుచుకుని ఎదురుగా కూచున్నాను. ఆమె కొడుతోంది, నేను జీడి తీసి, పొర గీకి, తుడిచి వేస్తున్నాను. ధన్ ధన్‌మని కత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతకుముందు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు నేను. ఇంత పెద్దదని తెలీదు.

అత్తగారు కాసేపు చూశారు. "ఏమే, నోళ్ళు పడిపోయాయా? ఈ ఏడు ఎవర్ని చంపుతున్నారు?" అని అడిగారు.

ప్రమీల కత్తి ఆపలేదు. "అయిపోయిందండీ అత్తయ్యగారూ" అంది. "ఈ ఏడు చంపడం ముందే అయిపోయింది."

ఆవిడకి ఏం వినిపించిందో, "అయ్యో, నాకు చెప్పకుండానే?" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మధ్యాహ్నానికి సగం కాయలైపోయాయి. ఏదో ఒకటి అందామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ప్రతిసారీ చెప్పకుండా రాశావు అన్నదే నాలిక చివరికి వచ్చింది. ఇంకో మాట దాని వెనక ఉంది గానీ అది రాదు. చేతులూరుకోక బుట్టలోంచి కాయ తీసి తొడిమ విరిచాను. మొహానికి దగ్గరగా పట్టుకున్నానేమో, సొన చిమ్మి పెదవి మూల పడింది.

చురుక్కుమంది. కత్తి చప్పుడు ఆగింది.

తల ఎత్తాను. చూస్తోంది. పొద్దుట్నించీ మొదటిసారి నా మొహంలోకి చూస్తోంది. ఆమె చెయ్యి కొంగు దాకా వెళ్ళి ఆగిపోయింది. పక్కనున్న నీళ్ళ చెంబుని కాలితో నా వైపు జరిపింది.

"కడుక్కో" అంది. "లేకపోతే మచ్చ పడుద్ది."

మళ్ళీ కాయ అందుకుంది.

ఆవకాయ కలిపి, జాడీకి గుడ్డ కట్టి, ఆమె వెళ్ళాక ఇది రాస్తున్నాను. పెదవి మూల ఇంకా మండుతోంది. అద్దంలో చూస్తే అప్పుడే నల్లబడింది.

కడుక్కోలేదు.